కొండ ఎదుట కాపురం చేసిన మనిషి
ఫ్రాంక్ పెర్రెట్ జీవిత విశేషాలు

మన సంఘం ప్రత్యేక సంచికలో ఈసారి గొప్పవారి జీవితాలు వేస్తున్నామని, నన్ను కూడా ఒకటి రాయమని కార్యదర్శి గారు కబురు చేశారు. దేశనాయకుల గురించి, మన రాష్ట్రపు పెద్దల గురించి నాకంటే బాగా రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను వేరే దారిలో వెళ్ళి ఒక అమెరికా దేశస్థుని ఎంచుకున్నాను. పేరు ఫ్రాంక్ అల్వర్డ్ పెర్రెట్. మన వైపు ఈ పేరు వినిపించదు గాని, అగ్నిపర్వతాలను చదివేవారికి మాత్రం ఆయన ఇంటిపెద్ద వంటివారు. ముప్ఫై ఏళ్ళకు పైగా మండుతున్న కొండల ఎదుట కాపురం చేసి, వాటిని ఫోటోలు తీసి, చివరకు మంచం మీద ప్రాణం విడిచిన మనిషి. ఆయన వృత్తిలో మంచం మీద పోవడం చిన్న విషయం కాదని పాఠకులకు మున్ముందు తెలుస్తుంది.

కిషన్‌బాగ్‌లో కూర్చున్న రిటైర్డ్ గుమాస్తాకు అగ్నిపర్వతాలతో ఏం పని అని అడగవచ్చు. మన గోల్కొండ గుట్టలు, మన ఇళ్ళ పునాదుల్లోని బండలు గ్రానైటు రాయి. కాని వికారాబాద్ వైపు పోతే కనబడే నల్లరాయి, దాని మీది నల్లరేగడి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట పొంగి గడ్డకట్టిన లావాయే. బతికున్న అగ్నిపర్వతం మన దేశంలో ఒక్కటే ఉంది. అది అండమాన్‌లోని బారెన్ ద్వీపం. పోర్ట్ బ్లెయిర్ నుంచి సుమారు 140 కిలోమీటర్లు. చాలాకాలం నిద్రపోయి 1991లో లేచింది, ఆ తరువాత కూడా అప్పుడప్పుడు బుసకొడుతూనే ఉంది. సందర్శకులు ఓడ మీద నుంచే చూడాలి, దిగడానికి వీల్లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడి మా బంధువుల అబ్బాయి ఓడ మీద నుంచి తీసిన ఫోటో ఒకటి పంపాడు. నల్లటి కొండ, పైన సన్నని పొగ, అంతే. అది చూసి, ఇంత దూరం ఉంటే చాలని ఎవరు లెక్కకట్టారు అన్న ప్రశ్న నాకు పుట్టింది. దాన్ని పట్టుకుని పోతే ఈ పెర్రెట్ గారు దొరికారు.

ఆయన 1867 ఆగస్టు 2న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ పట్టణంలో పుట్టారు. ఆయనకు పదహారేళ్ళ వయసులో, అంటే 1883లో, ఇండోనేషియాలో క్రకటోవా ద్వీపం పేలింది. ఆ దుమ్ము ఆకాశానికెక్కి ప్రపంచమంతటా నెలల తరబడి సాయంత్రాలు రక్తవర్ణంగా కనిపించాయి. మన మద్రాసులో ఆ సెప్టెంబరులో సూర్యుడు ఆకుపచ్చగా కనిపించాడని అక్కడి నక్షత్రశాలవారు నమోదు చేశారు. అయితే కుర్రవాడైన పెర్రెట్ మనసు అప్పట్లో కరెంటు మీద ఉంది. భౌతికశాస్త్రం చదువుకుని, థామస్ ఎడిసన్ గారి ప్రయోగశాలలో సహాయకునిగా చేరారు. తరువాత సొంతంగా ఎలెక్ట్రాన్ అనే కంపెనీలో భాగస్వామి అయి విద్యుత్ మోటార్లు, డైనమోలు, లిఫ్టులు తయారు చేశారు. ఆయన పేరుతోనే పెర్రెట్ మోటారు అని బజారులో అమ్ముడుపోయేది. ఆ దారిలోనే వెళ్ళి ఉంటే ధనవంతుడై పోయేవారు, మనం ఆయన గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడుకునేవాళ్ళం కాదు.

ముప్ఫై అయిదేళ్ళు వచ్చేసరికి ఒళ్ళు చెడింది. అతిగా పనిచేసి నరాలు నీరసించాయి. పని మానుకోవలసి వచ్చింది. మనలో కొందరికి రిటైరయిన మర్నాడే బీపీ మాత్రలు మొదలవుతాయి, అక్కడితో లోకం ముగిసిందనుకుంటాం. ఆయనకు ఆ స్థితి నడివయసు రాకముందే వచ్చింది. విశ్రాంతి కోసం ఇటలీ చేరి నేపుల్స్ నగరంలో ఉన్నారు. కిటికీలో నుంచి చూస్తే వెసూవియస్. విశ్రాంతి అక్కడితో సరి!

వెసూవియస్ పక్కన ప్రపంచంలో మొట్టమొదటి అగ్నిపర్వత పరిశీలన కేంద్రం ఉంది. అప్పటి దాని అధిపతి మత్తెయూచి అనే ప్రొఫెసరు. పెర్రెట్ ఆయన దగ్గర జీతం లేని సహాయకునిగా చేరిపోయారు. కరెంటు యంత్రాలు తెలిసిన చేతులు గనుక పరికరాలు బాగుచేయడం, కొత్తవి తయారు చేయడం ఆయనకు తెలిసిన పనే. కెమెరా మటుకు చేతిలోనే ఉండేది. ఇప్పుడు మన మనవలు ఫోను పైకెత్తి నొక్కితే అయిపోతుంది. ఆ రోజుల్లో కెమెరా అంటే పెద్ద పెట్టె, మూడు కాళ్ళ స్టాండు. దాన్ని మోసుకుని బూడిద జారే వాలు మీద ఎక్కాలి. అలా ఎక్కి ఆయన ఒకే చోటు నుంచి పదే పదే తీసేవారు. నిన్నటి బిలం అంచు ఇవాళ ఎంత విరిగింది, పొగ రంగు తెల్లనా బూడిదా నలుపా, ఒక మేఘం ఈ రాయి నుంచి ఆ రాయికి రావడానికి ఎన్ని క్షణాలు పట్టింది, ఇవన్నీ వరుస ఫోటోలలో తేలుతాయి. ఫోటో అందం కోసం కాదు, అది ఆయనకు రిజిస్టరు. తేదీ, వేళ, చోటు లేని కాగితం ఎందుకూ పనికిరాదని దఫ్తరులో పనిచేసిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

1906 ఏప్రిల్ మొదటి వారంలో ఒక రాత్రి ఆ కేంద్రంలోనే పడుకుని ఉండగా ఆయనకు తలగడలో నుంచి సన్నని గుంయ్ మనే శబ్దం వినిపించింది. తల ఎత్తితే లేదు, ఆనిస్తే ఉంది. లేచి తన ఇనుప మంచం కమ్మీని పళ్ళతో కరచి పట్టుకున్నారు. మంచం కోళ్ళు నేలకు ఆని ఉన్నాయి. నేలలోని కంపనం ఇనుములో నుంచి పళ్ళకు, పళ్ళ నుంచి ఎముకకు స్పష్టంగా వచ్చింది. పరికరాలు పట్టని దాన్ని మనిషి దవడ పట్టింది. ఆ కంపనం తగ్గక పెరుగుతూ వచ్చింది. ఏప్రిల్ 4న కొండ పగిలింది.

ఏప్రిల్ 7 రాత్రి తెల్లవారి 8 నాటికి కొండ మొత్తం పూనకం వచ్చినట్టు ఊగింది. బోస్కోత్రెకాసే ఊళ్ళోకి లావా దిగింది. లావా నడిచే వేగం తక్కువ కనుక అక్కడ పారిపోవడానికి వీలు చిక్కింది. అసలు ప్రాణాలు తీసింది బూడిద. సాన్ జుసెప్పే ఊరిలో జనం చర్చిలో తలదాచుకుంటే, కప్పు మీద పేరుకున్న బూడిద బరువుకు అది కూలి 100 మందికి పైగా చనిపోయారు. వాన నీరయితే జారిపోతుంది, బూడిద జారదు. పైకప్పు మీది బూడిదను ఎప్పటికప్పుడు తోసెయ్యాలన్న పాఠం అప్పటినుంచే గట్టిపడింది. ఇంత జరుగుతున్నా పెర్రెట్, మత్తెయూచి, కాపలా పోలీసులు కొద్దిమంది ఆ కేంద్రాన్ని వదలలేదు. ఊపిరాడని దుమ్ములో, రాళ్ళ వానలో ఉండి కిందికి వార్తలు పంపారు, నోట్సు రాసుకున్నారు, ఫోటోలు తీశారు. అన్నీ ముగిశాక చూస్తే కొండ శిఖరమే 100 మీటర్ల పైచిలుకు తగ్గింది. ఇటలీ రాజు ఆయనకు బిరుదు ఇచ్చారు. ఈ 18 రోజుల అనుభవంతో ఆయన రాసిన పెద్ద గ్రంథం 1924లో కార్నెగీ సంస్థ ద్వారా వెలువడింది. అంటే అచ్చు కావడానికి 18 ఏళ్ళు. పెన్షన్ ఫైలు ఆలస్యమైందని బాధపడే మిత్రులు కొంచెం ఊరట పొందవచ్చు.

ఆ తరువాత ఆయన జీవితం పెట్టె సర్దుకోవడం, పెట్టె విప్పడంగా సాగింది. స్ట్రోంబోలి, ఎట్నా, కానరీ దీవుల్లోని టెనెరిఫ్, ఎక్కడ కొండ మూలిగితే అక్కడికి పోయేవారు. స్వదేశంలోని మిత్రులు సాయం చేస్తుంటే సరిపెట్టుకునేవారు. 1911లో హవాయి ద్వీపంలోని కిలావేయా బిలం దగ్గరికి వెళ్ళారు. అక్కడ కరిగిన లావా చెరువులా ఉడుకుతూ ఉండేది. దాని వేడి ఎంతో కొలవాలి. పైన ఈ అంచు నుంచి ఆ అంచుకు తీగ కట్టి, దాని మీద నుంచి పరికరాన్ని చెరువులోకి దించారు. లావా దాన్ని పట్టి లాగేసుకుంది. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి చివరకు 1010 డిగ్రీల సెంటిగ్రేడ్ అని తేల్చారు. ఆ వేసవంతా బిలం అంచున గుడిసెలో ఉండి అక్కడి పత్రికకు వారం వారం విశేషాలు రాశారు. ఆ మరుసటి సంవత్సరం జాగర్ అనే శాస్త్రజ్ఞుని ఆధ్వర్యంలో అక్కడ ఏర్పడిన శాశ్వత కేంద్రానికి దారి వేసింది ఈ పనే.

1914లో జపాన్‌లోని సకురజిమా పేలింది. ఆ సంవత్సరమే ఆయన అక్కడికి వెళ్ళారు. అక్కడి కథ నన్ను చాలా రోజులు వెంటాడింది. పేలుడుకు ముందు ద్వీపంలో వరుసగా భూకంపాలు వచ్చాయి. చాలామంది రైతులు ఎవరూ చెప్పకుండానే పడవలెక్కి వెళ్ళిపోయారు. ఒక గ్రామ పెద్ద మాత్రం పద్ధతి ప్రకారం ఎదుటి ఒడ్డున ఉన్న కగోషిమా వాతావరణ కేంద్రాన్ని అడిగాడు. ఈ కొండకు భయం లేదని జవాబు వచ్చింది. ఆ మాట నమ్మి ఆగినవాళ్ళలో కొందరు, జనవరి 12న కొండ పగిలాక, చలి నీళ్ళలో ఈదుతూ పోయారు. భూకంపంతో కలిపి మొత్తం 58 మంది. పదేళ్ళ తరువాత ఆ ఊరివాళ్ళు ఒక రాతి శాసనం నిలిపారు. వింత గుర్తులు కనిపిస్తే శాస్త్రం మాట కోసం ఆగవద్దు, వెంటనే లేచి వెళ్ళండి అని దాని తాత్పర్యం. ఇప్పటికీ అక్కడి బడి ఆవరణలో ఉంది.

దీనిలో నాకు కనిపించేది వేరు. ఆ కార్యాలయంలోని ఉద్యోగి అబద్ధం చెప్పాడనుకోను. ఆయన దగ్గర ఉన్న పరికరం ఎదుటి ఒడ్డున ఉంది. దూరాన కూర్చుని సంతకం పెట్టవలసిన స్థితి మన ఉద్యోగాల్లో ఎంతమందికి వచ్చిందో తెలుసు. కిషన్‌బాగ్‌లో మూసీ ఒడ్డున ఉండేవాళ్ళకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో ఈ నగరంలో వేలమంది కొట్టుకుపోయారు. ఆ తరువాతే ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అయినా 2020 అక్టోబరులో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారని రాత్రి వార్త వస్తే మా వీధిలో ఎవరూ నిద్రపోలేదు. నీళ్ళు ఎంతవరకు వస్తాయి, మా మెట్టు వరకా, పక్క గల్లీ వరకా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాడు నీళ్ళను చూస్తూ ఉన్నవాడై ఉండాలని ఎవరైనా కోరుకుంటారు.

పెర్రెట్ జీవితంలో అటువంటి ప్రశ్న పెద్దదిగా ఎదురైంది మార్టినిక్ ద్వీపంలో. కరీబియన్ సముద్రంలో ఫ్రాన్సు వారి ద్వీపం అది. అక్కడి పెలే కొండ 1902లో చేసిన పని తెలియకపోతే తరువాతి కథ అర్థం కాదు. కొండకు సుమారు 7 కిలోమీటర్ల దూరంలో సెయింట్ పియెర్ అనే అందమైన రేవు పట్టణం ఉండేది. ఆ ఏప్రిల్ నుంచి కొండ పొగ, బూడిద కక్కుతూనే ఉంది. ఎన్నికలు దగ్గర పడ్డాయి. ప్రభుత్వం వేసిన సంఘం, పట్టణానికి ప్రమాదం లేదని నివేదిక ఇచ్చింది. జనానికి ధైర్యం చెప్పడానికి గవర్నరు తన భార్యతో సహా వచ్చి అక్కడే బస చేశారు. మే 8 ఉదయం కొండలో నుంచి లావా రాలేదు. కాలుతున్న వాయువు, బూడిద, రాళ్ళు కలిసిన మేఘం నేల బారున దూసుకొచ్చింది. ఫ్రెంచివారు దీనికి మండే మేఘం అని పేరు పెట్టారు. నిమిషాల్లో సుమారు 28 వేలమంది పోయారు, గవర్నరు దంపతులు కూడా. జైలు గదిలో ఉన్న ఒక ఖైదీ బతికాడన్నది చాలామంది విన్న కథే. ఆగస్టు 30న మళ్ళీ అలాంటిదే వచ్చి పక్క ఊళ్ళలో ఇంకో 1000 మందికి పైగా చంపింది.

ఏళ్ళు గడిచాయి. ఆ బూడిద మీదే చిన్న ఊరు మళ్ళీ లేచింది. 1929 సెప్టెంబరులో పెలే తిరిగి లేచింది. జనం గుండెలు జారాయి. ఊరు ఖాళీ చేయించారు. పెర్రెట్ అక్కడికి చేరేసరికి ఆయనకు 62 ఏళ్ళు దాటాయి. మన లెక్కలో పెన్షనరు.

ఆయన మొదట చేసిన పని ఊళ్ళో గది తీసుకోవడం కాదు. మండే మేఘాలు దిగే బ్లాంష్ ఏటి లోయ పక్కన ఉన్న మిట్ట మీద చెక్కలతో ఒక పాక వేయించుకున్నారు. ఏటి లోయలో కాదు, మిట్ట మీద అన్నది గమనించాలి. ఈ మేఘం గాలి కంటే బరువైనది, నీళ్ళలాగా పల్లం పట్టి పోతుంది. కనుక దగ్గరగా ఉన్నా ఎత్తున ఉంటే బతికే వీలు ఎక్కువ, దూరంగా ఉన్నా లోయ మొగలో ఉంటే చావు. కేవలం మైళ్ళు లెక్కపెట్టేవారికి ఈ సంగతి తోచదు. ఇది కూడా నూటికి నూరుపాళ్ళు నమ్మదగిన సూత్రం కాదని 1902 మేఘమే చూపింది. అది గట్లు దాటి ఊరి మీద పడింది. పెర్రెట్‌కు అది తెలియకనా?

ఆ పాకలో కూర్చుని ఒకదాని తరువాత ఒకటిగా వచ్చే మేఘాలను ఫోటో తీశారు. వేగం కట్టారు. నేలలో మైక్రోఫోన్లు అమర్చి కొండ లోపలి చప్పుళ్ళు విన్నారు. ఒకసారి మేఘం అంచు పాకనే కమ్మేసింది. తలుపు మూసుకున్నారు. పట్టపగలు చీకటి. వేడి దుమ్ము గొంతులోకి, ఊపిరితిత్తుల్లోకి పోయింది. కొద్దిసేపటికి అది దాటిపోయింది గనుక బతికారు. ఆ అంచు ఎలా ఉందో, ఏ వాసన వచ్చిందో, గొంతు ఎలా మండిందో కూడా తరువాత శ్రద్ధగా రాసి పెట్టారు. అటువంటి మేఘంలో కూర్చుని, బయటికి వచ్చి, రాసినవారు అంతకుముందు ఎవరున్నారు గనక!

నెలల తరబడి చూశాక ఆయనకు ఒక లెక్క కుదిరింది. ఈసారి మేఘాలు 1902 నాటి కంటే చిన్నవి. బిలం గోడ విరిగిన చోటు వాటిని బ్లాంష్ లోయలోకే మళ్ళిస్తోంది, సెయింట్ పియెర్ వైపు కాదు. బిలంలో చిక్కటి లావా గుమ్మటంగా నెమ్మదిగా పెరుగుతోంది. ఒక్కసారిగా పేలే బదులు విడతలు విడతలుగా ఒత్తిడి వదులుతోంది. కనుక ఊరికి 1902 గతి పట్టదని ఆయన చెప్పారు. జనం తిరిగి వచ్చారు.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. 28 వేలమంది చచ్చిన చోట, అదే కొండ మళ్ళీ మండుతుండగా, ఇళ్ళకు వెళ్ళవచ్చు అని చెప్పడం! 1902లో సంఘం చెప్పిన మాటా అదే. 1914లో వాతావరణ కేంద్రం చెప్పిన మాటా అదే. ఆయన మాట కూడా తప్పి ఉంటే ఇవాళ ఆయన పేరు ఆ జాబితాలో మూడవది అయ్యేది. ఊరివాళ్ళు ఆయనను ఎందుకు నమ్మారో నేను ఊహించగలను. మీకు భయం లేదు అని చెప్పిన మనిషి వాళ్ళకంటే కొండకు దగ్గరగా ఉన్నాడు. ఆ రాత్రి మేఘం వస్తే మొదట పోయేది ఆయనే. 1932లో కొండ చల్లబడేదాకా సెయింట్ పియెర్ నిలిచింది. ఆ పరిశీలనల గ్రంథం 1935లో వచ్చింది. అందులోని ఫోటోలను అగ్నిపర్వత శాస్త్రజ్ఞులు ఈనాటికీ తిరగేస్తారు.

1933లో ఆయన సెయింట్ పియెర్‌లో ఒక మ్యూజియం ఏర్పరచి ఊరికి ఇచ్చేశారు. రూపు చెడిన చర్చి గంట, వేడికి మెత్తబడిన గాజు సామాను, శిథిలాలలో దొరికిన నిత్యం వాడుకునే వస్తువులు అందులో పెట్టారు. శాస్త్ర పరికరాలకంటే ఆ ఇంటి సామానే చూసేవాళ్ళను ఎక్కువసేపు నిలబెడుతుందని నా అభిప్రాయం.

అదే ఏడాది పక్కనున్న బ్రిటిషు వారి మాంట్‌సెరాట్ ద్వీపంలో భూకంపాలు మొదలై 1937 దాకా సాగాయి. ఆయన అక్కడికీ వెళ్ళారు. నేల పగుళ్ళ నుంచి వచ్చే కుళ్ళిన గుడ్ల వాసన గల విషవాయువు ఆయన ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. అప్పుడు అక్కడ కొండ పేలలేదు. ఆ పరిశీలన 1939లో పుస్తకంగా వచ్చింది. 1995 జూలైలో ఆ కొండ నిజంగానే పేలింది. 1997లో 19 మంది పోయారు, రాజధాని ప్లిమత్ బూడిదలో కూరుకుపోయింది. ఈ సంగతి చెప్పి పెర్రెట్‌ను తప్పు పట్టేవారు ఉండవచ్చు. అది సబబు కాదు. ఆయన చెప్పింది తన కళ్ళ ఎదుట ఉన్న సంక్షోభం గురించి, అరవై ఏళ్ళ తరువాతి దాని గురించి కాదు.

ఈ విద్యలో చావు ఎంత దగ్గరో తెలియడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఫ్రాన్సుకు చెందిన మోరిస్ క్రాఫ్ట్, కాత్యా క్రాఫ్ట్ దంపతులు పెర్రెట్ తరువాతి తరంలో అగ్నిపర్వతాలను ఫోటోలు, సినిమాలు తీయడంలో అంతటి పేరు పొందినవారు. 1991 జూన్ 3న జపాన్‌లోని ఉన్‌జెన్ కొండ దగ్గర మండే మేఘంలో చిక్కి పోయారు. ఆ రోజు పోయిన 43 మందిలో చాలామంది పత్రికా ఫోటోగ్రాఫర్లు, వారికి తోడుగా వచ్చిన డ్రైవర్లు, వాలంటీర్లు. కొండ బాగా కనపడుతుందని రోజూ వెళ్ళి నిలబడే చోటే అది. నిన్నటిదాకా ఏమీ కాలేదు కాబట్టి అక్కడ నిలబడ్డారు. అదే నెలలో ఫిలిప్పీన్స్‌లోని పినతుబో పేలబోతుంటే, క్రాఫ్ట్ దంపతులు తీసిన సినిమాను అధికారులకు, ప్రజలకు చూపించి వేలమందిని ముందే ఖాళీ చేయించారు. తీసినవారు పోయిన కొద్ది రోజులకే వారి సినిమా అన్ని ప్రాణాలు కాపాడింది.

పెర్రెట్ ఆరోగ్యం క్షీణించాక అమెరికా తిరిగి వెళ్ళారు. 1943 జనవరి 12న న్యూయార్క్‌లో కన్నుమూశారు. అప్పటికి 75 ఏళ్ళు. యుద్ధం నడుస్తున్న రోజులు గనుక లోకం పెద్దగా గమనించలేదు. ఆయన మిగిల్చిపోయిన నోట్సు, ఫోటోలు కూర్చి 1950లో కార్నెగీ సంస్థ చివరి గ్రంథం వేసింది. సెయింట్ పియెర్‌లోని మ్యూజియాన్ని 2019లో కొత్తగా తీర్చి, 1902 మృతుల స్మారకంగా మళ్ళీ తెరిచారు. పేరులో ఆయన పేరు అలాగే ఉంచారు.